గులకరాళ్లు కడిగిన వెలగమ్మ

అనగనగా ఒక రాళ్లడవి. అక్కడ చెట్లు తక్కువ, బండలు ఎక్కువ. ఆ బండల మధ్య నుంచి ఒక వాగు పారేది. వానాకాలంలో దాని హోరు కొండ అవతలికి వినబడేది. ఎండాకాలం వస్తే మాత్రం వాగు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

ఆ అడవిలో వెలగమ్మ అని ఒక కోతి ఉండేది.

కోతులకు ఒక అలవాటుంది. మీరూ చూసే ఉంటారు. ఎవరి మీద ప్రేమ కలిగితే వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని పేలు చూస్తాయి. పాయ పాయ తీసి వెతుకుతాయి. దుమ్ము దులుపుతాయి, ముల్లు ఏరతాయి. "నువ్వంటే నాకిష్టం" అనే మాట కోతుల్లో లేదు. "ఇలా రా, తల చూస్తాను" అనే మాటే ఉంది.

గుంపులో వెలగమ్మ చేతులంత చురుకైన చేతులు ఇంకెవరికీ లేవు. ఆమెకు ఒక పిల్ల ఉండేది. పోయిన వానల్లో అది కూర్చున్న కొమ్మ విరిగి వాగులో పడింది. కొమ్మ దొరికింది. పిల్ల దొరకలేదు.

అప్పటి నుంచి ఆ చేతులకు పని లేదు. ఊరికే ఉండలేక ఆకులు తుడిచేవి. కాయలు తుడిచేవి. ఒకసారి కునుకు తీస్తున్న కుందేలుకు తల చూడబోతే, అది అదిరిపడి పొదలోకి దూరింది. గుంపులో కోతులు నవ్వాయి. తర్వాత నవ్వటం మానేశాయి.

ఎండలు ముదిరాయి. వాగు మడుగులయింది. మడుగులు గుంటలయ్యాయి. చివరికి దోసెడు నీళ్లతో ఒక్క గుంట మిగిలింది. అందులో ఒక పరిగె చేపపిల్ల నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది. పక్కన రాయి మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది.

"ఏం లకుముకీ, తినలేదేం?" అంది వెలగమ్మ.

"తొందరేముంది వదినా? సాయంత్రానికి నీళ్లు అవే ఆవిరైపోతాయి. ముక్కు తడవకుండా తింటా," అంది లకుముకి.

వెలగమ్మ గుంటలోకి వంగి చూసింది. వేలెడంత చేప. తోక దగ్గర నల్లటి బొట్టు. అది ఆమెను చూసింది. ఏమీ అడగలేదు.

వెలగమ్మ మోదుగాకు తెంపి దొప్ప చేసింది. చేపనూ నీళ్లనూ కలిపి ఎత్తింది. ఎత్తి పరుగు పెట్టింది.

"వదినా! నా భోజనం వదినా!" అని వెనక నుంచి లకుముకి అరుస్తూనే ఉంది.

కొండ మీద ఒక పెద్ద బండ. ఆ బండలో ఒక దొన. అంటే, రాతిలో దానంతట అదే పడిన గుంట. పైన ఇంకో బండ చూరులా కిందికి వంగి ఉండటం వల్ల దొనలో నీళ్లు వేసవిలో కూడా ఉండేవి. లకుముకి పైనుంచి దూకటానికి అక్కడ ఎత్తు చాలదు. వెలగమ్మ చేపను అందులో వదిలింది.

చేప ఒక మునక వేసి పైకొచ్చింది.

"నన్ను ఎత్తినవి ఏంటవి?" అని అడిగింది.

"చేతులు."

"నాకు లేవే!"

"నీకెందుకే? ఈదటానికి రెక్కలున్నాయిగా."

చేప కాసేపు ఆలోచించింది. "అయితే నువ్వు చేతులమ్మవి," అంది.

వెలగమ్మ దానికి బొట్టు అని పేరు పెట్టింది.

ఇక చూడాలి ఆమె సంబరం! పొద్దున్నే చీమ గుడ్లు తెచ్చేది. మధ్యాహ్నం చెదపురుగులు తెచ్చేది. సాయంత్రం మళ్లీ చీమ గుడ్లు. "చాలు చేతులమ్మా" అంటే "ఇంకొక్కటి" అనేది. తినగా మిగిలినవి దొన అడుగుకు చేరేవి. చేప వదిలిన మలమూ అక్కడికే చేరేది.

అయిదో రోజుకు నీళ్లు వాసన వేశాయి. బొట్టు పైకి తేలి నోరు తెరిచింది.

"నీళ్లు గుచ్చుకుంటున్నాయి చేతులమ్మా."

వెలగమ్మ వాగు దగ్గరికి పరుగెత్తింది. వాగు ఇసకలో అడవిపందులు తవ్విన చెలమ ఉంది. అందులో ఊట నీళ్లున్నాయి. కానీ పందులు పొద్దస్తమానం తొక్కే చెలమలో చేపను ఎలా ఉంచటం? అందుకని వెదురు బొంగుతో ఆ నీళ్లే మోసుకొచ్చింది. దొనలో పాత నీళ్లన్నీ తోడి పారబోసింది. కొత్త నీళ్లు నింపింది. బొట్టును అందులో వేసింది.

బొట్టు గిలగిల్లాడి, ఒక పక్కకు ఒరిగింది.

"అయ్యో, ఏమైందే నీకు?" అంది వెలగమ్మ.

"పసిదాన్ని ఒక్క దెబ్బన ఇల్లు మారిస్తే తట్టుకోవద్దూ?" అని ఒక గొంతు వినబడింది.

వెలగమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

"కింద చూడు తల్లీ. బండ పగులులో."

పగులులోని తడిమట్టిలోంచి ఒక ముసలి వానపాము తల ఎత్తింది. తలో తోకో చెప్పటం కష్టం. మాట అటు నుంచి వచ్చింది కాబట్టి తలే అనుకుందాం.

"భయపడకు. సాయంత్రానికి తేరుకుంటుంది," అంది వానపాము అవ్వ. "కానీ రేపో ఎల్లుండో ఈ నీళ్లూ చెడతాయి. అప్పుడేం చేస్తావు?"

"మళ్లీ మారుస్తాను."

"మళ్లీ పక్కకు ఒరుగుతుంది. ఒక్కోసారి లేవదు కూడా."

వెలగమ్మ బండ మీద చతికిలబడింది.

"మరి వాగులో ఎట్లా బతికింది అవ్వా? అక్కడ నీళ్లు ఎవరు మార్చారు?"

"అదీ అడగాల్సిన మాట!" అంది అవ్వ. "వాగు రాళ్ల మీద నుంచి పారుతుంది. గట్టున మొక్కలుంటాయి. చేప వదిలింది రాళ్ల దగ్గర ఆగుతుంది, రాళ్ల దగ్గరిది మొక్కకు తిండి అవుతుంది. నీళ్లు మళ్లీ చేపకు వస్తాయి. నీకు వాగు లేదు. కాబట్టి చిన్న వాగు ఒకటి చెయ్యి."

"వాగు చెయ్యటమేంటి అవ్వా?"

"చేతులున్నాయిగా నీకు. చెబుతాను, విను."

గొర్రెలకాపరులు వదిలేసిన కుండ ఒకటి పొయ్యిరాళ్ల పక్కన పడి ఉంది. మూతి ఇరుకు, అడుగున చిల్లు. ఎందుకూ పనికిరాదని వదిలేశారు. వెలగమ్మ దాన్ని ఎత్తుకొచ్చి, దొనకు సరిగ్గా పైన, పొద్దుటి ఎండ తగిలే గట్టు మీద కూర్చోబెట్టింది. ముందు వెలక్కాయంత రాళ్లు మూడు లోపల జారవిడిచింది. వాటి మీద ఉసిరికాయంత గులకరాళ్లు. వాటి మీద రేగుపండంత గులకరాళ్లు. పైన పొన్నగంటి తీగ తుంపులు గుచ్చింది.

"నన్నూ అందులో వెయ్యి. లోపలి సంగతి నేను చూసుకుంటాను," అంది అవ్వ.

"నీకు కళ్లు లేవుగా అవ్వా, ఏం చూస్తావు?"

"కళ్లున్నవాళ్లు చూడనివి," అంది అవ్వ.

వెలగమ్మ బొంగుతో దొనలో నీళ్లు ముంచి కుండలో పోసింది. నీళ్లు రాళ్ల మధ్య దిగి, చిల్లులోంచి టపటపా మళ్లీ దొనలోనే పడ్డాయి. బొట్టు ఆ ధార కిందికి వెళ్లి తోక ఊపింది.

"చేతులమ్మా! వాగు! చిన్న వాగు!"

వెలగమ్మ నవ్వింది. నవ్వి చాలా రోజులైందని ఆమెకే తెలిసింది.

"పొద్దున పది బొంగులు, మధ్యాహ్నం పది, సాయంత్రం పది," అంది అవ్వ. "నెల రోజులు ఇలా పొయ్యి. ఒక్కటే మాట. రాళ్లను తాకొద్దు."

"ఎందుకు?"

"వాటి మీదికి కొందరు కాపురానికి వస్తారు. మరీ చిన్నవాళ్లు, కంటికి ఆనరు. వాళ్లొస్తేనే నీ వాగు పని చేస్తుంది. తాకనని మాట ఇవ్వు."

వెలగమ్మ మాట ఇచ్చింది.

పన్నెండు రోజులు బాగానే గడిచాయి. పదమూడో రోజు పైవరస గులకరాళ్ల మీద ఏదో జిగట కనబడింది. గోధుమ రంగుగా, జారుడుగా ఉంది. వెలగమ్మ వేళ్లు జివ్వుమన్నాయి. చేతులు వెనక్కి పెట్టుకుంది.

మర్నాడు ఒక్క రాయి తీసి తుడిచి పెట్టింది. ఏమీ కాలేదు.

ఆ మర్నాడు గుప్పెడు రాళ్లు తుడిచింది. అప్పుడూ ఏమీ కాలేదు.

మూడో రోజు లకుముకి వచ్చి, దొన పక్కన ఎండుకొమ్మ మీద వాలింది. దూకి పట్టలేకపోయినా, చచ్చి తేలితే నడిచొచ్చి తినొచ్చని దాని ఆశ. కుండలోకి తొంగి చూసి ముక్కు తిప్పుకుంది.

"ఛీ ఛీ! ఏంటి వదినా ఈ పాకుడు? పిల్ల తాగే నీళ్లు దీంట్లోంచేనా దిగేది?"

"తాకొద్దంది అవ్వ."

"అవ్వకేం, మట్టి తినే మనిషి! నువ్వు చూసుకోవద్దూ? కన్నదైతే ఇలాగే ఉంచేదానివా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

వెలగమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. కుండ వంచింది. రాళ్లన్నీ బండ మీద గుమ్మరించింది. చెలమ నీళ్లతో కడిగింది. ఇసకతో తోమింది. మళ్లీ కడిగింది. ఒక్కొక్క రాయినీ వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసింది, పిల్ల తల చూసినట్టే. అడుగున మూడు పెద్ద రాళ్లు మాత్రం ఒకదానికొకటి బిగుసుకుపోయి రాలేదు. ఉత్త చెయ్యి కుండలోకి వెళ్లింది కానీ, రాయి పట్టుకున్న చెయ్యి బయటికి రాలేదు. వదిలేసింది. తక్కినవన్నీ ఎండలో ఆరబెట్టి, మళ్లీ కుండలో పోసి, తీగలు గుచ్చింది.

రాళ్లు మెరిశాయి. వెలగమ్మకు కడుపు నిండినట్టయింది.

"భేషుగ్గా ఉంది వదినా," అంది లకుముకి.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పొద్దున వెలగమ్మ చీమ గుడ్లు తెచ్చేసరికి బొట్టు నీళ్ల మీద పక్కకు పడి ఉంది. మొప్పలు ఎర్రబడ్డాయి. ధార పడుతోంది కానీ దాని కిందికి వెళ్లే ఓపిక బొట్టుకు లేదు.

"బొట్టూ! ఏమే బొట్టూ!"

"గుచ్చుకుంటున్నాయి..." అంది బొట్టు.

లకుముకి కొమ్మ దిగి దొన అంచుకు వచ్చి నిలబడింది.

"అవ్వా!" అని వెలగమ్మ కుండలోకి అరిచింది. "అవ్వా, నువ్వు చెప్పినట్టే నీళ్లు పోస్తున్నాను కదా! ఎందుకిలా అయింది?"

అడుగు నుంచి, రాళ్ల సందుల్లోంచి, అవ్వ మెల్లగా పైకొచ్చింది. పైవరస రాళ్లను ఒళ్లంతా ఆనించి తడిమింది.

"రాళ్లు కడిగావా తల్లీ?"

"మురికి పట్టింది అవ్వా..."

"అది మురికి కాదు తల్లీ. ఒక ఊరు."

వెలగమ్మకు అర్థం కాలేదు.

"చెప్పాను కదా, కాపురానికి వస్తారని," అంది అవ్వ. "ఆ జిగటే వాళ్ల ఇళ్లు. చేప వదిలిన విషాన్ని వాళ్లు తిని, మొక్క తినేట్టు చేసి ఇస్తారు. పదిహేను రోజులుగా ఒక్కొక్కరే వచ్చి చేరారు. నువ్వు ఒక్క పూటలో తోమేశావు."

వెలగమ్మ తన చేతుల వంక చూసుకుంది.

"ఆ రోజు ఇవి అందుకోలేకపోయాయి," అంది. "ఈసారి అందుకున్నాయి. అందుకుని..."

ఆ చేతులను ఒళ్లో పడేసుకుని ఏడ్చింది.



"ఏడుపు తర్వాత పెట్టుకుందాం. అన్ని రాళ్లూ కడిగావా?" అంది అవ్వ.

"అన్నీ. అడుగున మూడు తప్ప. చెయ్యి రాలేదు."

"మూడు మిగిలాయా!" అవ్వ గొంతు మారింది. "ఆ రోజు కుండ ఎందుకో వంగితే, ఆ కుదుపుకు నేను దాక్కున్నది వాటి కిందే. అవి ఇంకా జిగటగానే ఉన్నాయి తల్లీ. మూడిళ్లు మిగిలాయి. ఆ మూడింటి నుంచే ఊరు మళ్లీ లేస్తుంది. కానీ రోజులు పడతాయి."

"అప్పటిదాకా బొట్టు?"

"పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మూడంటే మూడు బొంగుల పాత నీళ్లు తీసి, మూడు బొంగుల కొత్త నీళ్లు పొయ్యి. అంతకు మించొద్దు. తిండి రోజు విడిచి రోజు, ఒక్క చీమ గుడ్డు. ఆకలితో ఉన్నా పరవాలేదు. కుండలో నీళ్లు పొయ్యటం మానొద్దు. రాళ్లను..."

"తాకను."

"పోయినసారీ ఇదే అన్నావు."

"చేతులు ఆగవు అవ్వా," అంది వెలగమ్మ. "అబద్ధం చెప్పను. ఇవి ఆగవు."

చేతులను ఆపే ఉపాయం అవ్వ దగ్గర లేదు. ఆమెకు చేతులు లేవు కదా.

వెలగమ్మ తల ఎత్తింది. దొన అంచున లకుముకి నిలబడి ఉంది. ఈక కదలటం లేదు. ఒంటికాలి మీద, బొమ్మలా ఉంది.

"లకుముకీ," అంది వెలగమ్మ. "అంతసేపు కదలకుండా ఎలా ఉంటావు?"

తనను ఇంతవరకూ ఎవరూ ఏదీ నేర్పమని అడగలేదు. లకుముకి పొంగిపోయింది.

"అదా వదినా! చాలా తేలిక. ఒక్కదాన్నే చూడాలి. నేను చేపను చూస్తాను. అలను చూడను, ఆకును చూడను, ఈగ వాలినా చూడను. రెండోది చూశామా, ఒళ్లు కదులుతుంది."

"ఒక్కదాన్నే చూడాలి," అంది వెలగమ్మ.

ఆ పూట నీళ్లు పోసి వచ్చి, దొన పక్కన కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. కుండ వైపు చూడలేదు. రాళ్ల వైపు చూడలేదు. బొట్టునే చూసింది.

ఇవతల వెలగమ్మ, అవతల లకుముకి. ఇద్దరూ ఒక్క చేపనే చూస్తూ కూర్చున్నారు. ఒకరు అది ఎప్పుడు పోతుందా అని. ఒకరు పోకూడదని.

అలా ఒక వారం గడిచింది. బొట్టు పక్కకు పడటం మానింది కానీ అడుగున కదలకుండా ఉండేది.

రెండో వారం గడిచింది. పొన్నగంటి తీగకు పసుపు తిరిగిన ఆకులు రాలి, ఎర్రటి చిగురు ఒకటి వచ్చింది. రాళ్ల మీద మళ్లీ జిగట పట్టింది. వెలగమ్మ చూసింది. వేళ్లు జివ్వుమన్నాయి. కళ్లు బొట్టు మీదికి తిప్పుకుంది.

మూడో వారం నిండిన రోజు పొద్దున, దొన అడుగున ఇసక రేణువులు కూడా కనబడేంత తేటగా ఉన్నాయి నీళ్లు. బొట్టు ధార కిందికి ఈదుకుంటూ వచ్చింది.

"చేతులమ్మా, ఆకలేస్తోంది."

వెలగమ్మ తన చేతుల మీద నుంచి లేచింది. తిమ్మిరెక్కిన చేతులు విదిలించుకుంటూ, ఏడుస్తూ, నవ్వుతూ చీమల పుట్ట వైపు పరుగెత్తింది. తెచ్చింది మాత్రం ఒక్క గుడ్డే.

లకుముకి నిట్టూర్చింది. "ఇక ఈ విస్తట్లో నాకు వడ్డించరు. వస్తా వదినా."

"వెళ్లిరా లకుముకీ. నాకు కూర్చోవటం నేర్పింది నువ్వే."

"అదే నా బాధ," అంటూ ఎగిరిపోయింది లకుముకి.

వానలొచ్చాయి. మూడు రోజులు ఎడతెగకుండా కురిశాయి. నాలుగో పొద్దుకు కొండ కింద హోరు మొదలైంది.

బొట్టు దొనలో గుండ్రంగా తిరిగింది. ఆగి విన్నది. మళ్లీ తిరిగింది.

"చేతులమ్మా, ఆ చప్పుడేంటి?"

వెలగమ్మ కొండ కిందికి చూసింది. వాన నీళ్లు పారుతున్న వాగు దగ్గరికి ఆమె ఏడాదిగా వెళ్లలేదు.

"వాగు," అంది. "పెద్ద వాగు."

"అక్కడ నాలాంటి వాళ్లుంటారా?"

"ఉంటారు. లకుముకులూ ఉంటాయి."

"మరి..." అని ఆగింది బొట్టు. తర్వాత ఏమీ అడగలేదు. గుంటలో మొదటిసారి చూసినప్పుడు కూడా అది ఏమీ అడగలేదు.

వెలగమ్మ కుండ వైపు చూసింది. పొన్నగంటి గుబురుగా అల్లుకుంది. నీళ్లు తేటగా ఉన్నాయి. బొట్టును ఇక్కడే ఉంచుకోవచ్చు. ఎన్నేళ్లయినా ఉంచుకోవచ్చు. ఎవరూ కాదనరు.

"అవ్వా?" అంది.

"నేను చెప్పను తల్లీ," అంది అవ్వ, రాళ్లలోంచి.

వెలగమ్మ మోదుగాకు తెంపింది. దొప్ప చేసింది.

వాగు ఒడ్డున, రాళ్ల చాటున నీళ్లు నెమ్మదిగా ఉన్న చోట ఆమె కూర్చుంది. హోరు వైపు చూడలేదు. ఒక్క బొట్టునే చూసింది. దొప్పను మెల్లగా నీళ్లలోకి దించింది. బొట్టు బయటికి ఈదింది. కానీ వెళ్లిపోలేదు.

"చేతులమ్మా, నా తల చూస్తావా?"

"చేపలకు పేలుండవే పిచ్చిదానా."

"ఊరికే చూడు."

వెలగమ్మ చెయ్యి నీళ్లలో పెట్టి వేళ్లు విప్పింది. బొట్టు వచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి దూరింది. తర్వాత రెండో సందులోంచి. తర్వాత మూడో సందులోంచి. చివరి సందులోంచి. ఒక్కొక్క వేలినీ రాసుకుంటూ, వెతుకుతున్నట్టు, దుమ్ము దులుపుతున్నట్టు. తల చూసింది వెలగమ్మ కాదు. బొట్టే ఆమె చేతిని చూసింది.

తర్వాత తోక దగ్గర నల్ల బొట్టు ఒక్కసారి మెరిసి, నీళ్లలో కలిసిపోయింది.

వెలగమ్మ చెయ్యి తెరిచే ఉంచింది. మూయలేదు. వాగు ఆ వేళ్ల మధ్య నుంచి పారుతూ పోయింది.

కుండ ఇప్పటికీ ఆ గట్టు మీదే ఉంది. అవ్వా అందులోనే ఉంది. ప్రతి వేసవిలో గుంటల్లో చిక్కుకున్న చేపపిల్లలు మోదుగు దొప్పల్లో అక్కడికి వస్తాయి, వానలకు వెళ్లిపోతాయి. ఆ అడవిలో ఏ ఆకు మీదా దుమ్ము ఉండదు, ఏ కాయ మీదా మరక ఉండదు. వెలగమ్మ చేతులు ఊరుకోవు మరి.

ఆ కుండలో రాళ్లు మాత్రం జిగటగానే ఉంటాయి.

నీతి: ప్రేమించే చేతులకు పని చెయ్యటం ఎంత అవసరమో, ఆగటమూ అంతే అవసరం. కొన్ని మంచి పనులు మన కంటికి కనబడకుండా, మనం తాకకుండా ఉన్నప్పుడే జరుగుతాయి.